కుజుమి గారు కనిపెట్టిన పగులు

క్యోటో గ్రంథాలయంలో రెండొందల ఏళ్ల నాటి బొమ్మల నవలల ముందు కూర్చునే కుజుమి గారికి కథతో పనిలేదు. నాయిక ఏట్లో దూకినా సరే, ఆయన చూసేది అచ్చు చెక్క ఎక్కడ పగిలిందనే. పగిలినచోట సిరా అంటదు, తెల్లగా గీత పడుతుంది. గీత ఎంత పొడుగైతే ఆ ప్రతి అంత ఆలస్యంగా అచ్చయినట్టు. ఏ ప్రతి ముందు అచ్చయిందో, ఏది తర్వాతో ఆ గీతలతోనే తేల్చి జాబితా కడుతుంటారు. చేతులు కడుక్కుని, వాచీ విప్పి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, నెరిసిన గుబురు కనుబొమలు కాగితానికి ఆనేంతగా వంగుతారు. ఇంట్లో టీకప్పు తిప్పి చూసినా, "పగులు పోయినేటి కంటే పెరిగింది" అంటారు.

మొన్న అలా వంగి చూస్తూనే గట్టిగా నిట్టూర్చారు. "హయామి గారూ, చీటీ మీద మొదటి ముద్రణ అన్నది కొట్టేయండి. ఈ నల్లటి ఆకాశంలో ఎంత పగులుందో చూడండి!"

ఆ పుస్తకాన్ని ప్రదర్శనకు పెట్టేది మర్నాడే. గ్రంథాలయం చూసుకునే హయామి ముఖం పాలిపోయింది. "ఊరంతా పోస్టర్లు వేశాం కదండీ!"

"పోస్టర్లు వేశారని పగిలిన చెక్క అతుక్కుంటుందా?"

ఆమె మెత్తటి కుంచె తెచ్చి పేజీని మెల్లగా తాకింది. పగులు కాస్తా లేచి ఆయన చొక్కా చేతి మీద వాలింది. కుజుమి గారు కనుబొమ తడుముకున్నారు.

హయామి ఆ వెంట్రుకని భూతద్దం కింద పెట్టి, ఆయనలాగే వంగి చాలాసేపు పరీక్షించింది.

"పుస్తకం మొదటి ముద్రణేనండీ," అంది. "ఇది మాత్రం బాగా ఆలస్యంగా వచ్చిన ప్రతి. సిరా పూర్తిగా వెలిసిపోయింది."