చిన్నబాపు కోసం మైకులో ప్రార్థన

దగ్గరగా జరిగి కూర్చోండి, పని ఉంటే చేతిలోనే పెట్టుకుని వినండి. మొన్న జగిత్యాల హాస్టలు నుంచి మా మనవరాలు వచ్చింది. బ్యాగు మంచం మీద విసిరి, ‘నానమ్మా, ఇగ నేను చర్చికి పోను. రూముల పిల్లలు నవ్వుతున్నరు. వాళ్లను నాలుగు తన్నాలనిపిస్తుంది’ అంది. తన్నాలనిపించడం మంచిదే, ఒంట్లో రక్తం ఉన్నట్టు లెక్క. కానీ పగ తీర్చుకోవడానికి కూడా ఒక పద్ధతి ఉంటుంది. అది మా అమ్మమ్మ దగ్గర నేర్చుకోవాలి. దానికి చెప్పిందే మీకూ చెబుతాను.

మా బాపు సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. ఇరవై నాలుగు గంటలూ టకటకమని మోగే వీధి, ఒక ఏడాది సాంచాలన్నీ బందయ్యేసరికి చెవుడు వచ్చినట్టు అయిపోయింది. బాపు దుబాయి పోయాడు. మేము కోరుట్లలో బాపు తమ్ముడు, మా చిన్నబాపు ఇంటి వెనక రెండు గదుల్లోకి వచ్చాం. మాకు తోడుగా అమ్మమ్మ వచ్చింది. చాట ఒళ్లో పెట్టుకుని, పొద్దంతా బీడీలు చుడుతూ, పాటలు పాడుతూ ఉండేది. చర్చి అమ్మ వైపు నుంచి వచ్చింది. బాపు ఎన్నడూ వద్దనలేదు. ఆయన తమ్ముడికి మాత్రం అది గొంతులో ముల్లు. చిన్నబాపుకి కిరాణా కొట్టు ఉండేది, కొట్టులో ఫోను ఉండేది. అప్పట్లో మా వాడంతటికీ అదే ఫోను. దుబాయి నుంచో మస్కట్ నుంచో ఎవరైనా చేసి, ఫలానా వాళ్లను పిలవమని పెట్టేస్తే, కొట్టువాడు కేకేసి పిలవాలి, ఆ ఇంటివాళ్లు పరుగెత్తుకొచ్చి బియ్యం బస్తాల మీద కూర్చోవాలి, మళ్లీ మోగేదాకా ఊపిరి బిగబట్టాలి. శుక్రవారం అక్కడ సెలవు కాబట్టి ఆ రోజు కొట్టు ముందు జాతరే. మాకు మాత్రం ఎన్ని శుక్రవారాలు గడిచినా పిలుపు రాలేదు. బాపు మమ్మల్ని మరిచిపోయాడని అమ్మ పొయ్యి ముందు కూర్చుని, పొగ వంకన ఏడ్చేది.

అప్పుడు మెట్‌పల్లి మనిషి ఒకాయన సెలవు మీద వచ్చి, బాపు పంపిన సబ్బులు, సెంటు ఇచ్చిపోతూ అన్నాడు: ‘ఏందమ్మా, పాపం ఆయన శుక్రారం శుక్రారం ఫోన్ చేస్తడు. ఎప్పుడు చేసినా మీరు ప్రార్థనకు పోయిండ్రనే చెప్తరట.’

నేను అప్పుడు తొమ్మిదో తరగతి. ఉరికిపోయి కొట్టు ముందు నిలబడ్డాను. చిన్నబాపు చింతపండు జోకుతూ తల కూడా ఎత్తలేదు. ‘చర్చికి పోవుడు బంద్ చెయ్యి బిడ్డా. గీ శుక్రారమే మీ బాపుతోని మాట్లాడిపిస్త’ అన్నాడు.

బాపు గొంతు విని ఏడాది దాటింది. ఇంటికొచ్చి, ఇక చర్చికి రానని అమ్మమ్మతో చెప్పాను. ఆ వెంటనే, ‘బాపుతోని మాట్లాడినంక ఆయన బియ్యం బస్తాలల్ల గాసునూనె పోస్త’ అని కిరోసిన్ డబ్బా కూడా చూపించాను.

బీడీ ఆకు కత్తిరిస్తున్న అమ్మమ్మ కత్తెర ఆపలేదు. ‘గాసునూనె పిరమైంది బిడ్డా. నా తాన అగ్గువది ఉన్నది. చర్చి మానుతవా, నీకు మనసు లేకుంటె మాను, నేను గుంజుకపోను. గని వాడు మానుమన్నడని మానితె, రేపు అన్నం తినుడు మానుమంటడు. వాన్ని నవ్వనియ్యకు.’

ఆ బుధవారం మా వాకిట్లో ప్రార్థన కూటం. అమ్మమ్మ మైకు పెట్టించింది. పాస్టరుగారు ముగించబోతుంటే, శత్రువుల కోసం నేను ప్రార్థిస్తానని మైకు అందుకుంది. ఆయన మురిసిపోయి ఇచ్చాడు.

‘ప్రభువా! మా బిడ్డ మరిదిని సల్లగ సూడు. ఆయన కొట్టు మంచిగ నడిపియ్యి. దుబాయిల మా అల్లుడు శుక్రారం శుక్రారం ఫోన్ చేస్తె, ఇంట్ల లేరని చెప్పిన ఆ నోటిని క్షమించు తండ్రీ! బాపు గొంతు ఇనియ్యకుండ పిల్లను ఏడిపిచ్చిన ఆ మనసును కడుగు తండ్రీ! కందిపప్పుల రాళ్లు కలిపిన ఆ చేతులను గూడ...’

పాస్టరుగారు దగ్గారు. అమ్మమ్మ కళ్లు మూసుకుంది కదా, ఆమెకు ఏం కనిపిస్తుంది? ‘అందరు ఆమెన్ అనుర్రి’ అంది. వాడంతా అంది. కల్లు కుండలతో పోతున్న గౌడాయన కూడా సైకిలు ఆపి ఆమెన్ అన్నాడు. పక్కింటామె, మస్కట్‌లో కొడుకు ఉన్నావిడ, లేచి నిలబడింది. ‘అయితె మా పోరని ఫోన్లు గూడ గిట్లనే చేసిండా?’ అని కొంగు బిగించింది. కూటం అక్కడ ముగిసి కొట్టు ముందు మొదలైంది.

శుక్రవారం చిన్నబాపు స్వయంగా మా గడప దాకా వచ్చి పిలిచాడు. ఫోను నా చేతికిచ్చి, పక్కనే నిలబడ్డాడు. బాపు గొంతు బావిలోంచి వచ్చినట్టు వచ్చింది. ఏడ్చాడు, ఏడ్చాను. తర్వాత అడిగాడు: ‘చిన్నబాపు మంచిగ అర్సుకుంటుండా బిడ్డా?’

చిన్నబాపు మొహంలోకి చూశాను. తువ్వాలతో మెడ తుడుచుకుంటున్నాడు. దుబాయి నిమిషాలు పిరమని తెలిసీ, నేను తొందరపడలేదు. ఆయన తువ్వాల మెడ చుట్టూ మరోసారి తిరిగేదాకా ఆగి, అప్పుడు అన్నాను: ‘అర్సుకుంటుండు బాపూ. ఇప్పుడు.’

ఆ ఒక్క మాట తీపి ఇంకా నాలుక మీద ఉంది. ఆ ఆదివారం జడకు రిబ్బను కట్టుకుని, కొట్టు ముందు నుంచే, పాట పాడుతూ చర్చికి పోయాను. ఏళ్ల తరబడి ఆయన పేరు పెట్టి ప్రార్థించాను, నేరాలన్నీ వరసగా దేవునికి అప్పజెబుతూ. పోనుపోను చెప్పడానికి నేరాలు తగ్గి, ఆయన మోకాళ్ల నొప్పులు, షుగరు, పెద్దకొడుకు తాగుడు వచ్చి చేరాయి. క్షమించావా అంటే, ఏమో. రోజూ పేరు తలిచేసరికి మనిషి దగ్గరైపోయాడు, నా చేతిలో ఏముంది? కాలం పగను చంపదు గానీ, దానికీ ముసలితనం తెస్తుంది, అరుగు మీద కూర్చోబెట్టి పళ్లు ఊడగొడుతుంది. మీ ఇల్లు చల్లగుండాలి, దూరాన ఉన్న మీవాళ్ల గొంతు ఏ అడ్డూ లేకుండా మీ గడపకు చేరుతుండాలి.