చెయ్యని తప్పుకు రాజీ

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజుల్లో నేను దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేదాన్ని. మాది కోస్తా. బంద్ రోజుల్లో కూడా మా యజమాని వెనక గేటు తెరిచి క్లాసులు నడిపించేవాడు. అలాంటి ఒక రోజున ఊరేగింపులోంచి రాయి వచ్చి ముందువైపు అద్దాల తలుపుకు తగిలింది. తలుపు వెనకే నిలబడి ఉన్నాను. గాజుపెంకు కనుబొమ్మను చీల్చింది. ఆరు కుట్లు పడ్డాయి.

సాయంత్రం యజమాని బలవంతం మీద పోలీస్ స్టేషన్‌కు వెళ్లాను. అక్కడ ఊరేగింపు దగ్గర పట్టుకొచ్చిన నలుగురిని కూర్చోబెట్టారు. "వీళ్లలో ఎవరు మేడమ్?" అన్నాడు ఎస్సై. విసిరినవాడు నీలం చొక్కాలో ఉన్నాడన్నది ఒక్కటే నాకు గుర్తు. నలుగురిలో నీలం చొక్కా ఒక్కడిదే. అతని వైపు వేలు చూపించాను.

అతను దిగ్గున లేచాడు. "నేను కాదు సార్! నా భార్యకు కాన్పయింది. దవాఖానకు బువ్వ పట్టుకపోతున్న."

ఎస్సై బల్ల మీద స్టీలు క్యారేజీ ఉంది. దాన్ని చూశాను. అయినా చూపించిన వేలు వెనక్కి తీసుకోలేదు. తల పగిలిపోతోంది, ఇంటికి పోతే చాలు అనిపించింది.

ఏడాది దాటాక సాక్ష్యం చెప్పమని ఎల్బీనగర్ కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. అతను అప్పటికే బెయిలు మీద ఉన్నాడు. మీర్‌పేట్‌లో మోటార్లకు వైండింగ్ చేసే మెకానిక్ అట. ప్రతి వాయిదాకూ పని మానుకుని వచ్చి నిలబడుతున్నాడని కోర్టు కానిస్టేబుల్ చెప్పాడు. వరండాలో భార్యతో కూర్చుని ఉన్నాడు. ఒక చిన్నపిల్ల బెంచీ పట్టుకుని తప్పటడుగులు వేస్తోంది.

ఉండబట్టలేక దగ్గరికి వెళ్లాను. "ఆ రోజు నిజంగా ఆస్పత్రికే వెళుతున్నారా?"

అతను పిల్లను చూపించాడు. "గా దినమే పుట్టింది మేడమ్."

అంత దగ్గర్నుంచి ఆ ముఖం చూడడం నాకు అదే మొదటిసారి. ఆ రోజు అద్దంలోంచి కనిపించిన ముఖం అప్పుడు గుర్తొచ్చింది. నేను చూసిన మనిషి ఇతను కాడు.

ఆ రోజు జడ్జిగారు సెలవు. కేసు వాయిదా పడింది. బయటికి వస్తూ కానిస్టేబుల్‌తో, "నేను పొరపాటు పడ్డానండీ, అతను కాదు" అన్నాను.

ఆయన నన్ను పక్కకు తీసుకెళ్లాడు. "గట్ల అనకుండ్రి మేడమ్. అప్పుడు గుర్తువట్టి ఇప్పుడు కాదంటే మీరే పరేషాన్ అయితరు. ఒచ్చే నెల లోక్ అదాలత్ ఉంది. రాజీ రాసుకుంటే ఇద్దరికీ పీడ పోతది."

నాకు భయం వేసింది. సరేనన్నాను.

లోక్ అదాలత్ రోజు కోర్టు తిరునాళ్లలా ఉంది. మా వంతు వచ్చింది. కాగితంలో ఏముందో గుమాస్తా చదివాడు. ముద్దాయి తన చర్యకు చింతిస్తున్నాడనీ, నేను మనస్ఫూర్తిగా క్షమించాననీ రాసి ఉంది.

"ఇష్టపూర్వకంగానేనా అమ్మా?" అని జడ్జిగారు అడిగారు.

"సార్, అసలు ఈయన..."

"రాజీనే సార్, రాజీనే" అతను నా మాటకు అడ్డం పడ్డాడు. నా వైపు తిరిగి చేతులు జోడించాడు. "జర ఊకోండి మేడమ్. మల్ల వాయిదాలంటే నాతోని గాదు."

ఇద్దరం సంతకాలు చేశాం. రెండు నిమిషాల్లో కేసు కొట్టేశారు.

మెట్ల దగ్గర క్షమించమని అడిగాను. అతనికి కోపం రాలేదు. అలసట మాత్రం కనిపించింది. "మీరు మాఫ్ చేసిన్రని రాసిన్రు. నేను చెయ్యలేదని మాత్రం ఎవ్వరు రాయలే" అన్నాడు. భార్య పిల్లను ఎత్తుకుని అప్పటికే గేటు దాటింది.

వారం రోజులు నాలో నేనే నలిగాను. చివరికి, రాయి విసిరింది అతను కాదనీ, తప్పు నాదనీ తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టాను. వెతుక్కుంటూ మీర్‌పేట్‌లో అతని దుకాణానికి వెళ్లాను. రాగితీగ చుడుతున్న చేతులు తుడుచుకుని, కాగితాన్ని రెండుసార్లు చదివాడు.

"గిది ఇప్పుడు ఎవరికి జూపియ్యాలె మేడమ్?"

"మీ ఇంట్లోవాళ్లకు" అన్నాను.

"ఇంట్లోళ్లకు ముందే ఎరుక" అన్నాడు. అయినా కాగితం తిరిగి ఇవ్వలేదు. జాగ్రత్తగా మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, మళ్లీ మోటారు ముందుకు లాక్కున్నాడు.