హిల్మా చొక్కా అంచు

ఆ వేటగుడిసెలో హిల్మా కోస్కెలా కత్తెరంటే అందరికీ హడలే. నవంబరు పదిహేనున జింకల వేట మొదలవుతుంది. గురి తప్పినవాడి చొక్కా వెనక అంచు కత్తిరించి, పేరూ సంవత్సరమూ రాసి గోడకి మేకు కొడతారు. కత్తెర పట్టేది హిల్మా. కొత్త చొక్కా అని బతిమాలినా, పెళ్లినాటి చొక్కా అని గింజుకున్నా వినదు. ముప్ఫై ఎనిమిదేళ్లుగా గోడ మీద తన గుడ్డముక్క ఒక్కటీ లేదు మరి, ఆ మాత్రం టెక్కు ఉండదా!

ఊళ్లో బడి బస్సు నడిపి రిటైరైన మనిషి. తండ్రి ఇచ్చిన తుపాకీ తప్ప ఇంకోటి ముట్టలేదు, థర్టీ-థర్టీ అనే రకం తూటా వేసేది. ఆ రకం తూటా తాతలనాటిది. దాని గుండు వంద గజాల దాకా బుద్ధిగా పోతుంది, ఆ తర్వాత సంత నుంచి మూట మోసుకొచ్చే మనిషిలా వాలిపోతుంది. దూరపు జింకకైతే జానెడున్నర పైకి, వీపు మీది గాలిలోకి గురిపెట్టాలి. ఆ లెక్క హిల్మా చేతికే వచ్చు, బుర్రని అడగనక్కర్లేదు. తూటాలూ తనే నింపుకుంటుంది. కాల్చేసిన ఇత్తడి గొట్టాలు ఏరుకొచ్చి, వంటింటి బల్ల మీద మందు తూచి, కొత్త గుండు బిగిస్తుంది. ఆ పనిలో ఉండగా పలకరించినవాడికి చీవాట్లు ఖాయం.

వేటకి వేసుకునేది చనిపోయిన భర్త అర్వో చొక్కా, ఎర్ర నల్ల గళ్ల ఉన్నిది. అర్వో గురి గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. గోడ మీద అతనివే పదకొండు అంచులున్నాయి. ఈ చొక్కా అంచు కూడా అక్కడికే పోతే, దాని చోట హిల్మా ఆకుపచ్చ గుడ్డ అతుకు వేసింది. తప్పిన ప్రతిసారీ అర్వో దాచుకునేవాడు కాదు, గుమ్మం అవతల నుంచే "కత్తెర తియ్యండి!" అని కేకేస్తూ వచ్చేవాడు. ఆ కేక వినక ఆరేళ్లయింది.

ఈ ఏడాది అల్లుడు డెరిల్ కొత్త తుపాకీతో దిగాడు. సిక్స్ పాయింట్ ఫైవ్ మిల్లీమీటర్ల తూటా, సన్నటి పొడుగాటి గుండు.

"అత్తయ్యా, మీ తూటాని ఇక మ్యూజియంకి ఇచ్చేయండి. ఇదైతే గీత గీసినట్టు పోతుంది."

"గీత గీయడానికి స్కేలు చాలదూ?" అంది హిల్మా కాఫీ పోస్తూ.

"భయమేసిందా వదినా?" అన్నాడు మరిది రీనో, మాంసం కూరిన పాస్టీ రొట్టె నములుతూ.

ఆ మాట పడే మనిషా! డెరిల్ వైపు చెయ్యి చాపింది. "ఏదీ, ఇటివ్వు. రేపు నీది నేను పట్టుకుంటా, నాది నువ్వు పట్టుకో. ఎవరి చొక్కా ఎగురుతుందో చూద్దాం."

"రెండొందల గజాలకి గురి సరిచేసి ఉంది. నేరుగా పెట్టి కొట్టండి, పైకెత్తకండి."

"నువ్వు పుట్టకముందు నుంచీ కొడుతున్నా అల్లుడూ, నాకు నేర్పకు."

వెలుతురుండగానే దగ్గర్లో అట్టపెట్టె మీద రెండు గుళ్లు కొట్టి చూసింది. రెండూ ఒకే చిల్లులో పడ్డాయి. లోపల మెచ్చుకుని, పైకి మాత్రం పెదవి విరిచింది.

మర్నాడు పొద్దున్నే మంచు మైదానం అవతలి అంచున, రెండొందల గజాలు దాటి, కొమ్ముల మగజింక నిలబడింది. హిల్మా ఊపిరి బిగబట్టింది. చెయ్యి తన పాత లెక్క ప్రకారం జానెడున్నర పైకి పోయింది. గుండు మాత్రం వాలలేదు. వీపు మీది నుంచి పోయి దేవదారు కొమ్మ విరిచింది. జింక ఆ కొమ్మ వంక ఒకసారి చూసి, తోకెత్తి చెట్లలోకి ఉడాయించింది.

అవతలి దాకా నడిచి మంచంతా వెతికింది. చుక్క రక్తం లేదు, వెంట్రుక కూడా రాలలేదు. చూసినవాడూ లేడు. గుంటనక్కని బెదిరించడానికి కాల్చానంటే సరి! ముప్ఫై ఎనిమిదేళ్ల పేరు నిలబడుతుంది. దారి పొడుగునా ఆ అబద్ధాన్ని మూడుసార్లు చెప్పుకుని చూసింది. బాగానే కుదిరింది.

గుడిసె ముందు జింక వేలాడుతోంది. "నలభై అడుగుల్లో పడింది అత్తయ్యా! మీ ముసలి తుపాకీకి దగ్గర్లో తిరుగులేదు!" అన్నాడు డెరిల్, పళ్లన్నీ బయటపెట్టి.

"నీ చప్పుడూ విన్నాం వదినా, ఏం పడింది?" అన్నాడు రీనో.

హిల్మా నోరు తెరిచింది. తెరిచిన తలుపులోంచి ఎదురుగా గోడ, గోడ మీద అర్వో పదకొండు ముక్కలు. నోటిదాకా వచ్చిన నక్క అక్కడే ఆగిపోయింది.

"కత్తెర తియ్యండి!" అని కేకేసింది.

అంతా ఒక్క క్షణం బిత్తరపోయారు. తర్వాత గుడిసె కప్పు లేచిపోయేలా నవ్వారు. కత్తెర చేతికొచ్చాక డెరిల్ జంకాడు.

"మామయ్యగారి చొక్కా కదా. వద్దులెండి, నా చొక్కా వేసుకోండి, దాన్నే కోస్తా."

"నేనెవరినైనా వదిలానా? అతుకు కుట్టు వెంబడే కొయ్యి."

అతను కోశాడు. హిల్మా ఆ ఆకుపచ్చ అతుకు మీద పేరు రాసుకుని, పదకొండింట్లో వెతికి, అదే చొక్కా ఎర్ర నల్ల అంచు పక్కన తనే మేకు కొట్టింది. సిగ్గేసింది, నిజమే. కానీ ఆరేళ్ల తర్వాత మళ్లీ అర్వో పక్కన నిలబడినట్టనిపించి, ఆ సిగ్గు కంటే సంతోషమే ఎక్కువైంది.

"రేపు నీ పాత తుపాకీ నువ్వు తీసేసుకుంటావుగా వదినా?" అన్నాడు రీనో.

"లేదు, కొత్తదే," అంది హిల్మా, వెనక చొక్కా లేని చోట చలిగాలి తగులుతుంటే నడుం రుద్దుకుంటూ. "పదకొండు తప్పిన మనిషే మానలేదు, ఒక్కదానికి నేనెందుకు మానాలి?"