ముల్లు నిలిచిన చోటు

మా ఆయన కార్ల కరెంటు పని చేసేవారు. రాజమహేంద్రవరంలో కోరుకొండ వెళ్లే రోడ్డు పక్కన రేకుల షెడ్డు. ఇంజను జోలికి వెళ్లేవారు కాదు. హెడ్‌లైటు వెలగకపోయినా, సెల్ఫ్ కొట్టకపోయినా, తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోయినా బండిని ఆయన దగ్గరికి తెచ్చేవారు. చేతిలో ఎప్పుడూ మల్టీమీటరు ఉండేది. ఒక ఎర్ర వైరు, ఒక నల్ల వైరు, మధ్యలో అంకెలు చూపించే చిన్న తెర. ఇంటికొచ్చి అన్నం తింటున్నప్పుడు కూడా ఆ అంకెలే మాట్లాడేవారు.

"ఇవాళొక బండి పదిహేనున్నర కొడుతోంది టీచరుగారూ. పద్నాలుగు దగ్గర ఆగాలది. బల్బులు మాడిపోతున్నాయంటే మాడిపోవా మరి?"

నేను మిషన్ స్కూల్లో ఒకటో తరగతికి చెబుతాను. ఇంట్లో ఆయన నన్ను టీచరుగారూ అనే పిలిచేవారు, కాస్త ఆటపట్టిస్తున్నట్టు. ఆ పదిహేనున్నర ఏంటో, పద్నాలుగు ఎందుకో నాకు సగం తెలిసేది కాదు. ఊ కొడుతూ పులుసు వడ్డించేదాన్ని. మాకు పిల్లల్లేరు. భోజనాల దగ్గర ఈ కబుర్లే మాకు కాలక్షేపం.

ఆ ఉదయం షెడ్డులో జరిగింది నేను చూడలేదు. అక్కడున్న ట్యాక్సీ డ్రైవరు చెప్పగా విన్నాను. అతను యాత్రికుల్ని పట్టిసీమ రేవుకి తీసుకెళ్లి తెచ్చే మనిషి, మాకు పాత గిరాకీ. కారు ఒక్కరోజు కదలకుండా ఉంటే చాలు, మర్నాటికి బ్యాటరీ చచ్చిపోతోందని తెచ్చాడు. బండి ఆపేసి ఉన్నా లోపల ఏదో ఒకటి కరెంటు లాగేస్తోందన్నమాట. మా ఆయన తాళంచెవి తీయించి, తలుపులు వేయించి, బ్యాటరీకి ఒకవైపు టెర్మినల్ ఊడదీసి, ఆ మధ్యలో మీటరు పెట్టారు. నిద్రపోతున్న బండి ఎంత లాగుతోందో అలా పెడితే తెలుస్తుంది.

"ఎంత చూపిస్తోందండి మేస్త్రీగారూ?" అని డ్రైవరు అడిగాడు.

మా ఆయన మీటరు వైపు చాలాసేపు చూసి, "మంగళవారం" అన్నారు.

డ్రైవరు నవ్వేశాడు. "మంగళవారమేంటండీ బాబూ! ఎంత లాగుతోందని అడుగుతుంటే?"

"అదే... మంగళవారం" అన్నారట మళ్లీ, ఈసారి విసుగ్గా. అంతలో కుడిచేతిలోంచి ఎర్ర వైరు జారిపోయింది. మూతి ఒక పక్కకి లాగేసింది. డ్రైవరు కారు ఎక్కిద్దామనుకున్నాడు, కానీ దాని బ్యాటరీ ఊడదీసి ఉంది. రోడ్డు మీదికి పరిగెత్తి, పోతున్న ఆటోకి అడ్డం నిలబడి ఆపాడు. ఆసుపత్రికి చేర్చాక నాకు ఫోన్ చేశాడు. పిల్లల చేత అక్షరాలు దిద్దిస్తున్నదాన్ని, సుద్దముక్క చేతిలోనే పట్టుకుని వెళ్లిపోయాను.

"మెదడులో ఎడమవైపు రక్తం గడ్డ కట్టిందమ్మా" అన్నారు డాక్టరుగారు. "టైముకి తీసుకొచ్చారు కాబట్టి సరిపోయింది. చెయ్యి వస్తుంది. మాట కూడా కొంత వస్తుంది. ఓపిక పట్టాలి."

చెయ్యి వచ్చింది. వ్యాయామాలు చేయించగా చేయించగా కొన్ని నెలలకి ఆయన చొక్కా గుండీలు ఆయనే పెట్టుకున్నారు. మాట కూడా తడుముకుంటూ, ఒకటీ ఒకటీ వచ్చింది. నీళ్లు, అన్నం, దుప్పటి. అంకెలు రాలేదు. అంకెలు పోతాయని మాకెవరూ చెప్పలేదు. ఫోన్ నంబరు నొక్కబోయి ఆగిపోయేవారు. ఎన్ని ఇడ్లీలు పెట్టమంటారంటే ఆలోచించి, చేత్తో ఇంత అని చూపించేవారు.

పిల్లలకి అంకెలు నేర్పడమే నా ఉద్యోగం. ఆ ధైర్యంతోనే పలక తెచ్చాను. సాయంత్రాలు వరండాలో కూర్చోబెట్టి ఏడు రాసి, "ఇదెంతండీ?" అని అడిగేదాన్ని. ఆయన పెదాలు కదిలేవి. ఒకటి, రెండు, మూడు అంటూ మొదట్నుంచి లోపల్లోపల అనుకుంటూ వచ్చి ఏడు దగ్గర ఆగేవారు. చదవడం కాదది, దారి వెతుక్కుంటూ అక్కడికి నడిచి రావడం. ఎనిమిది రాస్తే మళ్లీ ఒకటి నుంచే బయల్దేరాలి.

ఓ సాయంత్రం షెడ్డులోంచి తెప్పించిన మీటరుని మా స్కూటరు బ్యాటరీకి పెట్టారు. పన్నెండు పాయింటు ఆరు చూపించింది. మెల్లగా లెక్కపెట్టుకుంటూ పన్నెండు దాకా వచ్చారు. ఆ చుక్క దగ్గర ఆగిపోయారు. నేనే చదివి చెప్పాను.

"పన్నెండు పాయింటు ఆరండి."

ఆయన నా మొహంలోకి చూశారు. "అది... మంచిదా?"

ఆ మాటకి నేను లోపలికెళ్లి స్టవ్ మీద ఏమీ లేకపోయినా స్టవ్ దగ్గర నిలబడ్డాను. అన్నేళ్లు కంచం ముందు కూర్చుని నాకు చెప్పిన మనిషి, మంచిదో కాదో నన్ను అడుగుతున్నారు.

అయినా షెడ్డుకి వెళ్తానని పట్టుబట్టారు. వేసవి సెలవులు కదా అని నేనూ తోడు వెళ్లాను. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేదాన్ని. వైర్లు ఆయన పెడితే అంకె నేను చదివేదాన్ని. బండి ఆపి ఉన్నప్పుడు పన్నెండున్నర పైన ఉంటే మంచిది, ఇంజను నడుస్తుంటే పద్నాలుగు దగ్గరికి రావాలి, రాకపోతే డైనమో చూడాలి. అన్నం దగ్గర విన్న కబుర్లు ఒక్కొక్కటీ గుర్తు తెచ్చుకుని బాగుందనో లేదనో చెప్పేదాన్ని. ఆయన తలూపి పని చేసేవారు. చేతులకి పని ఏమీ మరుపు రాలేదు. కానీ ఒకరోజు ఒక కారాయన ఆయన్ని దాటి నా ముందుకొచ్చి, "ఏమ్మా, బ్యాటరీ మార్చేయాలంటారా?" అని అడిగారు. మా ఆయన విన్నారు. మీటరుని కారు మీద బోర్లా పెట్టేసి, వెళ్లి చేతులు కడుక్కున్నారు. ఇంటికొచ్చాక అన్నం ముద్ద ముట్టలేదు. నేను సంజాయిషీ చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

మర్నాడు షెడ్డులో ఇనప పెట్టె అడుగునుంచి ఒక పాత మీటరు తీశారు. పని నేర్చుకునే రోజుల్లో వాడినదట. తెర లేదు. గాజు కింద గీతలు, వాటి మీద కదిలే సన్నటి ముల్లు, అంతే. మధ్యలో ఉన్న మర ఎటు తిప్పాలో ఆయనకి చేతి అలవాటు మీద తెలిసింది కానీ, దాని చుట్టూ ఉన్న అంకెలు చూసి కంగారుపడ్డారు. బ్యాటరీ చూసే చోట ఎర్రటి గోళ్లరంగు చుక్క పెట్టమని నాకు సైగ చేశారు. లీకేజీ, అంటే ఆపేసిన బండి లాగే కరెంటు, చూసే చోట ఇంకో రంగు చుక్క.

వైర్లు బ్యాటరీకి ఆనించగానే ముల్లు లేచి ఒకచోట నిలబడింది. ఆయన మొహం చూసి నేను కుర్చీలోంచి లేచాను.

"బాగుంది" అన్నారు. నన్ను అడగలేదు. నాకు చెప్పారు. "చూడు. ఇక్కడ నిలబడాలి. నిలబడింది."

అంకె అక్కర్లేదు ఆయనకి. ముల్లు ఎక్కడుండాలో కళ్లకి తెలుసు. సెల్ఫ్ కొట్టినప్పుడు ఎంత పడాలో, ఇంజను రేజ్ చేస్తే ఎంత లేవాలో తెలుసు. నిలబడింది, పడింది, లేచింది. ఆ మాటలు తడబాటు లేకుండా వచ్చేవి.

ఆ వారమే ట్యాక్సీ డ్రైవరుని పిలిపించాం. అతని బండి ఇంకా అలాగే ఉంది.

"ఇంకెవరికీ చూపించలేదండి" అన్నాడు నాతో. "మేస్త్రీగారే చూస్తారని. ఈలోగా రోజూ బండి పెట్టేసి టెర్మినల్ పీకేసుకుంటున్నాను."

మా ఆయన ఆ రోజు మధ్యలో ఆగిపోయిన పనిని మొదట్నుంచి మొదలుపెట్టారు. మర రెండో చుక్క దగ్గరికి తిప్పారు. ముల్లు ఉండకూడనంత పైన నిలబడింది. ఫ్యూజులు ఒక్కోటి తీసి చూసి మళ్లీ పెడుతూ వచ్చారు. ఒక ఫ్యూజు తీయగానే ముల్లు వాలిపోయింది.

"పడింది!" అని చిన్నపిల్లాడిలా అరిచారు. పాటల పెట్టెకి వెళ్లే వైరది. ఎవరో బిగించేటప్పుడు తప్పు చోట కలిపారు. దాన్ని సరిచేశాక డ్రైవరు ఆయన రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు.

ఆ వేసవి అలా గడిచింది. బళ్లు మునుపటంత రాలేదు. కొత్త కార్లకి ఆ మీటరు సరిపోదని వాటిని తీసుకునేవారు కాదు. వచ్చిన పాత బళ్లని మాత్రం ఆయనే చూసుకునేవారు. స్కూళ్లు తెరిచాక నేను షెడ్డుకి వెళ్లడం మానేశాను. వెళ్లాల్సిన పని లేకపోయింది కూడా.

వానలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం ఒక బండికి లీకేజీ చూస్తున్నారట. బయట వానలో ఇంకో కారు ఆగిపోయి, దాని మనిషి తొందరపెట్టాడు. మా ఆయన మీటరు పట్టుకుని వెళ్లి నేరుగా బ్యాటరీకి పెట్టేశారు. మర లీకేజీ చుక్క దగ్గరే ఉండిపోయింది. అక్కడ ఉంచి బ్యాటరీకి పెడితే మీటరు తట్టుకోలేదు. ముల్లు ఒక్క ఊపున ఆ చివరకి కొట్టుకుని వంగిపోయింది. కాలిన వాసన వచ్చింది.

నేను బడి నుంచి వచ్చేసరికి ఇంటి అరుగు మీద తడిసిన బట్టలతోనే ఉన్నారు. ఒళ్లో మీటరు.

"లేవట్లేదు" అన్నారు.

బాగుచేసేవాళ్లకి చూపించాను. లోపలి తీగచుట్ట కాలిపోయింది, దీనికిప్పుడు సామాను దొరకదమ్మా అన్నారు. ముల్లుదే ఇంకొకటి కొత్తది కొని తెచ్చాను. ఆయన వైర్లు పెట్టి చూశారు. అందులో గీతలు వేరు, ముల్లు నిలిచే చోటు వేరు. మంచి బ్యాటరీకే పెట్టారు, బాగానే ఉందండీ అని నేను చెబుతూనే ఉన్నాను. ఆయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, తల అడ్డంగా ఊపి, జాగ్రత్తగా డబ్బాలో పెట్టి నాకు ఇచ్చేశారు. కోపం లేదు. కోప్పడితే బాగుండుననిపించింది నాకు.

"మెల్లగా అలవాటవుతుందండీ" అన్నాను.

"వద్దు" అన్నారు. "చాలు."

షెడ్డు ఇప్పుడు వేరొకరు అద్దెకి తీసుకున్నారు, టైర్లు అమ్ముతున్నారు. అటుగా వెళ్లే బస్సులో కూర్చుంటే మా ఆయన అటు పక్కకి చూడరు. ట్యాక్సీ డ్రైవరు అప్పుడప్పుడూ వచ్చి పలకరిస్తాడు. తన బండి బాగానే ఉందని చెబుతాడు. ఆయన తలూపుతారు.

ఆదివారాలు చర్చికి వెళ్తాం. పాడబోయే కీర్తనల నంబర్లు గోడ మీద పలకకి తగిలిస్తారు. ఆయన పుస్తకం నా చేతికి ఇస్తారు, నేను పేజీ తీస్తాను. ఆయన అందులోకి చూడరు. పాట మొదలవగానే ఆయన గొంతు లేస్తుంది, చరణం తర్వాత చరణం, ఒక్క మాట తప్పకుండా, తడుముకోకుండా. మాటలెక్కడికి పోయాయో, పాటలో ఎలా వస్తున్నాయో నాకు తెలీదు. డాక్టరుగారిని అడిగితే కొందరికి అలా మిగులుతుందమ్మా అన్నారు. పాట ఉన్నంతసేపూ నేను పాడను. పుస్తకం తెరిచి పట్టుకుని వింటాను.

పాట అయిపోతుంది. బయట చెప్పులు వేసుకుంటుంటే ఎవరో ఒకరు, "బాగున్నారాండీ?" అని అడుగుతారు. ఆయన పెదాలు కదులుతాయి. కాసేపు వెతుక్కుని నా వైపు చూస్తారు.

"బాగున్నారండి" అని నేనే చెబుతాను.