పదహారో పుట

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నా పద్యాల పుస్తకాన్ని అచ్చువేసిన పెద్దాయన ఇంట్లో నాలుగు బీరువాల పుస్తకాలుండేవి. అప్పట్లో చాలా పుస్తకాల పుటలు అంచున మడతలు విప్పకుండానే వచ్చేవి, కోసుకుంటేనే లోపలిది చదవగలం. కొన్నవైనా, తాను అచ్చువేసినవైనా, ఆయన ఆ మడతలను కత్తితో కోసేవారే కాదు.

"కోయకుంటే ఎట్ల చదువుతారు సామీ?" అని అడిగాను.

బొటనవేలితో ఒక పుస్తకం అంచు నిమిరి, "కోస్తే పాతదైపోతాదప్పా. ఇట్లుంటే లోపల శానా బాగుంటాదని నమ్మొచ్చు" అన్నారు.

మరోసారి వెళ్ళినప్పుడు బీరువాలో నా పుస్తకం కనిపించింది. దానికొక్కదానికే మడతలు కోసి ఉన్నాయి, అదీ పదహారో పుట దాకానే.

అక్షరాలు పేర్చిందీ, ప్రూఫులు దిద్దిందీ ఆయనే. తెలిసిన పద్యాలకు కత్తి ఎందుకు పట్టారో, అక్కడే ఎందుకు ఆపారో అడగలేకపోయాను. ఇప్పటికీ నా పుస్తకం తెరిస్తే చెయ్యి పదహారో పుట దగ్గరే ఆగిపోతుంది.