బ్రేకు బాబాయి తాళం ఇచ్చిన రోజు

బ్రేకు బాబాయిని ఇంకొకరు నడిపే బండి ఎక్కించడం కంటే పిల్లి మెడలో గంట కట్టడం తేలిక. ముప్పై రెండేళ్లు సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. టాక్సీలో కూర్చున్నా, అల్లుడి కారులో కూర్చున్నా, అక్కడేదో బ్రేకు ఉన్నట్టు కుడికాలితో నేలను తొక్కుతూనే ఉంటాడు. వీధిలో ఆ పేరు అలా పడిపోయింది. అల్లుడు పాపం ఒక్కసారి ఎక్కించుకున్నాడు, మళ్లీ పిలిస్తే ఒట్టు!

అలాంటి మనిషిని ఓడ ఎక్కించాలని కూర్చుంది ఆయన భార్య. బాబాయి భార్య కాబట్టి ఆవిడ అందరికీ పిన్ని. ఐదు రోజుల సముద్రయానం, ఎన్నాళ్ల నుంచో ఆవిడ కోరిక. రేవు ఆరు గంటల దూరం, ఓడేమో పొద్దున్నే కదులుతుంది. అందుకని ముందురోజే వెళ్లి రేవు దగ్గర హోటల్లో పడుకోవాలి. తిరిగొచ్చేదాకా బాబాయి కారు అక్కడే వదలాలి. పొద్దున హోటల్ వ్యాను రేవులో దింపుతుంది. గది సంగతి బాబాయి ఒక్క నిమిషంలో తేల్చేశాడు. కారు సంగతే వారమైనా తెమల్లేదు.

"పార్కింగుకి పైకప్పు ఉందా అమ్మా? నేల వాలుగా ఉంటుందా? పక్కన లారీలు పెడతారా?" హోటల్ అమ్మాయికి రోజుకో ఫోను.

"ఏ ఇబ్బందీ లేదు సార్. తాళం మాత్రం మాకిచ్చి వెళ్లాలి. చోటు తక్కువ, బళ్లు అటూ ఇటూ జరుపుతుంటాం."

అంతే! బాబాయి ముఖం మాడిపోయింది. ఫోను పెట్టేసి, "నిన్నూ మీ చెల్లెల్నీ రేవులో దింపుతాను, మీరిద్దరూ వెళ్లి రండి. నా బండి ఇంకొకడి చేతికివ్వను," అన్నాడు.

పిన్ని కూరగాయలు తరుగుతున్న కత్తి పక్కన పెట్టింది.

"ఇన్నేళ్లూ మీ బస్సులో తిరిగాను. మీరు ముందు, నేను వెనక. కారు కొన్నాక మీ కళ్లు రోడ్డు మీదే. ఒక్కరోజైనా నా పక్కన ఊరికే కూర్చుని, కిటికీలోంచి బయటికి చూశారా? నేను ఓడ కోసం పోరలేదండీ. మీరు రాకపోతే ఆ టికెట్లు చింపి పారేయండి."

నిజమే మరి! బాబాయి ఆవిడతో లెక్కలేనన్ని కిలోమీటర్లు తిరిగాడు గానీ, బస్సు అద్దంలో తప్ప ఆవిడ ముఖం చూసింది లేదు. సిగ్గేసింది. మర్నాడు తనే ఫోను చేసి, "తాళం ఇస్తానమ్మా," అన్నాడు. కన్నబిడ్డను హాస్టల్లో దింపేవాడి గొంతు అది.

అనుకున్న రోజు సాయంత్రానికి హోటల్ చేరారు. పార్కింగ్ చూసే మనిషి, యాభై దాటినవాడు, చెయ్యి చాపాడు. బాబాయి తాళం ఇచ్చినట్టే ఇచ్చి వదల్లేదు. ఇద్దరూ చెరో కొస పట్టుకుని నిలబడ్డారు. పిన్ని గొంతు సవరించుకుంది. అప్పుడు వదిలాడు.

ఆ మనిషి కారెక్కి, రెండు స్తంభాల మధ్య జానెడు సందు మిగిల్చి, ఎక్కడా ఆగకుండా ఒక్క ఊపులో వెనక్కి పెట్టేశాడు. బాబాయి కళ్లు విప్పార్చుకుని చూశాడు.

"ఎక్కడ నేర్చావయ్యా?"

"పద్దెనిమిదేళ్లు లారీ తోలానన్నా. అవునూ, మీ క్లచ్ కాస్త పైన పట్టుకుంటోంది, అరిగినట్టుంది, చూసుకున్నారా?"

"చూసుకోకేం! మూడు నెలలుగా మొత్తుకుంటున్నా, ఆ మెకానిక్ నమ్మితేనా!" బాబాయి ముఖం చేటంత అయింది.

పిన్ని సామాను తనే గదికి చేర్చి, స్నానం చేసి కిందికొచ్చేసరికి, ఇద్దరూ బానెట్ ఎత్తుకుని ఇంకా అక్కడే ఉన్నారు.

పొద్దున వ్యాను వచ్చింది. బాబాయి చక్కా వెళ్లి డ్రైవరు తలుపు తీశాడు.

"పెద్దాయనా, మీ సీటు వెనకాల," అన్నాడు లోపలున్న డ్రైవరు. వ్యానంతా ఒకటే నవ్వు. బాబాయి నాలిక్కరుచుకున్నాడు. పిన్ని కిటికీ సీటు వదిలి జరిగి, "ఇటు రండి," అంది.

కూర్చున్నాడు. మొదటి మలుపులోనే కుడికాలు పని మొదలుపెట్టింది. రెండో మలుపులోనూ అంతే. పిన్ని చెప్పు విడిచి, తన పాదం తీసి ఆయన పాదం మీద పెట్టింది.

ఇంతలో ఎవడో సైకిలువాడు అడ్డం వచ్చాడు. వ్యాను గట్టిగా బ్రేకు వేసింది. అందరూ ముందుకు తూలారు.

బాబాయి కాలు కదల్లేదు. కిటికీకి ముఖం ఆనించి, "ఏమే, ఆ తెల్లగా కనబడేదేనా మన ఓడ?" అని అడుగుతున్నాడు.