మంగ్లి కలిపిన సముద్రపు నీళ్లు

బూర్గంపాడులో మినరల్ వాటర్ ప్లాంటులో క్యాన్లు నింపడం మంగ్లి పని. తొమ్మిదేళ్లుగా రోజూ నీళ్లతోనే గడిచింది కాబట్టి నీళ్లంటే ఆమెకు పెద్ద వింతేమీ లేదు. కానీ నిర్మలాదేవి మేడమ్ ఇంటికి వారానికి ఆరు క్యాన్లు పోతుంటే మాత్రం ఉండబట్టలేకపోయింది. ఒకరోజు ట్రాలీ ఆటో ఎక్కి తనే వెళ్లింది.

"సారూ మీరూ ఇద్దరే ఉంటరు గద మేడమ్. గిన్ని నీళ్లు ఏం చేస్తరు?"

కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైన నిర్మలాదేవి నవ్వింది. "సముద్రం చేస్తాను మంగ్లీ, రా చూద్దువుగాని."

లోపలి గదిలో అద్దాల తొట్టి. నారింజ రంగు ఒంటి మీద తెల్లని పట్టీలతో రెండు చేపలు, గాలికి ఊగే దీపాల్లా అక్కడక్కడే కదులుతున్నాయి. మంగ్లి ఎంతసేపు చూసిందో ఆమెకే తెలియదు. బయట ఆటో హారన్ మూడుసార్లు కొట్టాక గాని కదల్లేదు.

మేడమ్‌కు మోకాళ్ల నొప్పులు. అందుకని ఆదివారాలు నీళ్లు కలిపే పని మంగ్లి చేతికొచ్చింది. వెనక గదిలో, ఎండ పడని మూల నీలం డ్రమ్ము. ముందు ప్లాంటు నీళ్లు నింపాలి, ఆ తర్వాతే ఉప్పు. అదీ వంటింటి ఉప్పు కాదు, బస్తాలో వచ్చే సముద్రపు ఉప్పు. కొద్దికొద్దిగా చల్లుతుంటే డ్రమ్ములో తెల్లటి మబ్బు కమ్మేది. చిన్న మోటారు లోపల నీళ్లను తిప్పుతూ ఉండేది. మర్నాటికి మబ్బు విడిపోయి, అడుగు దాకా తేటపడేది.

అప్పుడు మేడమ్ చిన్న దుర్బీను లాంటిది ఇచ్చేది. దాని గాజు మీద ఒక చుక్క వేసి వెలుతురులోకి చూడాలి. పైన నీలం, కింద తెలుపు, రెండూ కలిసేచోట సన్నని గీత.

"ఉప్పు ఎంత చూపిస్తోంది?"

"ముప్పై అయిదు మేడమ్."

"సరిగ్గా కుదిరింది. ఇక మూత పెట్టెయ్. లేకపోతే నీళ్లు ఆవిరైపోయి ఉప్పు ఎక్కువవుతుంది."

మంగ్లి వెంటనే మూత పెట్టేది కాదు. మళ్లీ ఒకసారి కన్ను ఆనించేది. ఆ నీలంలోకి చూస్తుంటే మోటారు చప్పుడు దూరమైపోయేది. ఎక్కడో పెద్ద నీళ్ల ముందు ఒంటరిగా నిలబడ్డట్టుండేది. భయం మాత్రం వేసేది కాదు.

ఆ ఏడు జూలైలో మేడమ్ భర్త వెంకటప్పయ్య సారు కంటి ఆపరేషన్ కోసం దంపతులిద్దరూ ఖమ్మం వెళ్లారు. తాళంచెవి మంగ్లి దగ్గరుంది. రెండ్రోజులకే గోదారి మూడో ప్రమాద హెచ్చరిక దాటింది. గోదారిలో కలవాల్సిన కిన్నెరసాని వాగు వెనక్కి తన్ని వీధుల్లోకి వచ్చింది. కరెంటు పోయింది. మేడమ్ ఫోన్ చేసింది.

"చేపల సంగతి వదిలెయ్ మంగ్లీ. ముందు నువ్వు గట్టెక్కు."

"అవ్ మేడమ్" అంది మంగ్లి. అనేటప్పటికే ఆమె మోకాలి లోతు నీళ్లలో మేడమ్ ఇంటి గడపలో ఉంది. డ్రమ్ములోని ఉప్పునీళ్లు మూడు క్యాన్లలోకి పట్టింది. చేపల్ని తొట్టి నీళ్లతో సహా వెడల్పాటి టబ్బులోకి మార్చింది. అన్నిటినీ ట్రాక్టర్ ఎక్కించి, మిట్ట మీది స్కూల్లో పెట్టిన పునరావాస శిబిరానికి చేర్చింది.

రోడ్లు మునిగి తాగునీటి ట్యాంకర్ ఆగిపోయింది. రెండోరోజు మధ్యాహ్నం వీరన్న అనే పెద్దాయన ఆమె మీద లేచాడు.

"మనుషులు గొంతెండి చస్తుంటే చేపలకు మూడు క్యాన్లా? ఏంది నీ కథ?"

గదిలో అందరూ ఆమెనే చూశారు. మంగ్లి క్యాను వంచి ఆయన దోసిట్లో కొన్ని నీళ్లు పోసింది. వీరన్న నోట్లో పోసుకుని తుపుక్కున ఉమ్మేశాడు.

"ఉప్పు కషాయం! ఏడికెల్లి తెచ్చినవ్?"

"నేనే కలిపిన పెదనాయనా. సముద్రంల గిట్లనే ఉంటదంట."

ఒక ముసలమ్మ నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. వీరన్న టబ్బు దగ్గర చతికిలబడి చాలాసేపు చేపల్నే చూశాడు. నీళ్లకు గాలి తగలాలని మంగ్లి మగ్గుతో ముంచి పోస్తుంటే, "నీ చేతులు గుంజుతయ్, ఇటియ్" అని మగ్గు అందుకున్నాడు. అలా వంతులు మొదలయ్యాయి. రోజూ కాసిని పాత నీళ్లు తీసి క్యానులోంచి కొత్తవి పోసేది మంగ్లి. ఆవిరైపోయినంత మేరకు మాత్రం ఉప్పులేని నీళ్లే కలపాలి. వాటిని తన వంతుకొచ్చిన మంచినీళ్ల ప్యాకెట్లోంచి పోసింది.

నాలుగోరోజు చిన్న చేప చచ్చిపోయింది. వీరన్న తన వల్లే పోయిందేమోనని ఆ పూట అన్నం తినలేదు. పెద్దది బతికింది.

వరద తీశాక చూస్తే మేడమ్ ఇంట్లో కిటికీ దాకా ఒండ్రు. తొట్టి పగిలిపోయింది. దంపతులు మధిరలో మేడమ్ తమ్ముడి ఇంటి పక్కన కిరాయికి దిగారు. వెళ్లేముందు నిర్మలాదేవి దుర్బీనూ, మిగిలిన ఉప్పూ మంగ్లి చేతిలో పెట్టింది.

"చేపను తీస్కపోరా మేడమ్?"

"అది నీ నీళ్లలో బతికింది. నీ దగ్గరే ఉండనీ."

ఇప్పుడు ప్లాంటు ముందు గదిలో చిన్న తొట్టిలో ఆ చేప ఉంది. క్యాన్ల కోసం వచ్చినవాళ్లు దాని ముందు ఆగి, వచ్చిన పని మరిచిపోతారు. ఆదివారం ఉప్పు కలిపాక మంగ్లి మోచేతి దాకా చెయ్యి డ్రమ్ములో ముంచి వెచ్చదనం చూస్తుంది. తడి ఆరాక చెయ్యంతా సన్నని తెల్లటి ఉప్పు పొడి మెరుస్తుంది. సాయంత్రం దాకా దాన్ని కడుక్కోదు.